ఒక నది, రెండు స్టాంపులు

సారపాక దాటి భద్రాచలం వంతెన మీదికి బస్సు ఎక్కగానే జనం కిటికీల వైపు ఒరుగుతారు. చేతులు జోడించేవారు, గోదాట్లోకి చిల్లర విసిరేవారు ఇప్పటికీ ఉన్నారు. ఫోను బయటికి తీసేవారు వాళ్లకంటే ఎక్కువయ్యారు. నది, ఒడ్డు, దూరంగా రామాలయ గోపురం ఒకే బొమ్మలో పడతాయి. అయితే ఆ బొమ్మకు ఒక పుట్టిన తేదీ ఉంది. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ వంతెనను ప్రారంభించేదాకా ఆ ఎత్తున మనిషి నిలబడే చోటే లేదు. అంతకుముందు ఈ దృశ్యాన్ని చూడాలంటే బూర్గంపాడు వైపు ఒడ్డు నుంచో, పడవలోంచో చూడాలి.

పాత పోస్టుకార్డు బొమ్మనో, పాత ఫొటోనో చేతపట్టుకుని, తీసినవాడు నిలబడ్డ చోటే మళ్లీ నిలబడి, అదే దృశ్యాన్ని తీసే పద్ధతికి ఇలాంటి ప్రశ్నలే మొదటి మెట్టు. ఎక్కడి నుంచి తీశారు? ఎంత ఎత్తు నుంచి? ఏ నెలలో? ‘అప్పుడు–ఇప్పుడు’ అని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి నిట్టూర్చడం ఎవరైనా చేస్తారు. ఈ ప్రశ్నలకు జవాబులు దొరికాకే ఆ రెండూ ఒక జంట అవుతాయి.

ప్రపంచంలో ఈ పనికి క్రమశిక్షణ నేర్పినవారిలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ మార్క్ క్లెట్ ఒకరు. 1870ల నాటి సర్వే బృందాలు అమెరికా పశ్చిమ ప్రాంతంలో తీసిన ఫొటోల చోట్లను 1977–79 మధ్య క్లెట్, ఆయన సహచరులు వెతికి పట్టుకుని మళ్లీ తీశారు. వందకు పైగా చోట్ల కెమెరాను పాత కెమెరా నిలిచిన తావులోనే నిలిపారు. నీడలు కూడా కలవాలని అదే కాలం, అదే పొద్దు చూసుకున్నారు.

వాళ్లు వాడిన కిటుకు భద్రాచలంలోనూ పనికొస్తుంది. పాత బొమ్మలో దగ్గరిదొకటి, దూరానిదొకటి, రెండు కదలని వస్తువులను ఎంచుకోవాలి. ఒడ్డున మండపం స్తంభం, వెనుక గోపుర శిఖరం అనుకుందాం. బొమ్మలో స్తంభం అంచు శిఖరానికి ఎడమగా బెత్తెడు దూరంలో కనిపిస్తే, మనకూ అలాగే కనిపించేదాకా పక్కకు జరగాలి. స్తంభం మరీ పెద్దదిగా ఉంటే వెనక్కి, చిన్నదిగా ఉంటే ముందుకు. జూమ్ తిప్పితే బొమ్మ దగ్గరవుతుందేగాని ఆ రెంటి మధ్య పొంతన మారదు. దాన్ని మార్చగలిగేవి కాళ్లే.

ఆ తర్వాత రుతువు. చైత్రంలో, సీతారాముల కల్యాణం నాటికి గోదావరిలో ఇసుక మేటలు తేలి ఉంటాయి. శ్రావణంలో అదే నది ఒడ్లను ఒరుసుకుని పారుతుంది. చైత్రం బొమ్మ పక్కన శ్రావణం బొమ్మ పెట్టి ‘గోదావరి పెరిగింది’ అంటే అది కాలం చెప్పిన మాట కాదు, క్యాలెండర్ చూసుకోకపోవడం.

బొమ్మ ముందు వైపు ఎంత చెబుతుందో, వెనుక వైపూ అంతే చెబుతుంది. తోకలేని పిట్ట అని పొడుపుకథల్లో చెప్పుకున్న ఉత్తరాన్ని కార్డుముక్కగా మన దేశంలో 1879లో పావు అణాకు అమ్మడం మొదలుపెట్టారు. బొమ్మల కార్డుల రాజ్యం 1900 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా సాగింది. మద్రాసు హిగిన్‌బాథమ్స్ వంటి సంస్థలు వీధులు, రైల్వేస్టేషన్లు, గుళ్ల బొమ్మలతో కార్డులు అమ్మాయి. ఆ రోజుల కార్డులు చాలావాటిని జర్మనీలో అచ్చేసేవారు. ఆకాశానికి నీలం, చీరకు ఎరుపు అద్దినవారు ఆ వీధిని ఎన్నడూ చూసి ఉండరు. కాబట్టి పాత కార్డులో గోడ రంగును సాక్ష్యంగా తీసుకోకూడదు. గోడ ఆకారాన్ని తీసుకోవచ్చు. వెనుక వైపు నిలువు గీతతో రెండు భాగాలుగా లేకుండా చిరునామాకు మాత్రమే చోటుంటే, కార్డు ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లదో, అంతకంటే పాతదో అయి ఉంటుంది.

కార్డు వెనుక, భద్రాచలం దగ్గరి గోదావరికి చెల్లే ఆధారం ఇంకొకటి ఉంది. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఆంగ్లేయులకు అప్పగించాడు. అప్పటి నుంచి భద్రాచలం బ్రిటిష్ ఏలుబడిలో ఉంది, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు చేరింది. ఎదుటి ఒడ్డు బూర్గంపాడు నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా ఉండేది. రాజ్యం లోపల తిరిగే ఉత్తరాలకు అంటించే ఆ స్టాంపుల మీద తెలుగు అక్షరాలూ కనిపించేవి. భద్రాచలంలో వేసిన కార్డు మీద మాత్రం ఆంగ్ల ప్రభువు తల ఉండేది. ఒకే నదికి ఇటొక స్టాంపు, అటొక స్టాంపు. ఒడ్డు ఏదో తేలని నది బొమ్మ చేతికొస్తే, దాని వెనుక అంటించిన కాగితపు ముక్క ఆనవాలు చెప్పవచ్చు.

ఖమ్మం సంగతి వేరు. 1889లో ఊరి మీదుగా బెజవాడ దాకా రైలు దారి పడింది. పాత రికార్డుల్లో ఊరి పేరు ఖమ్మంమెట్. ఇక్కడ బొమ్మ తీసేవారికి కదలని గుర్తు ఖిల్లా కొండ. అయితే పాత బొమ్మలో వీధి చివర కనిపించే కోట గోడ, ఈనాడు అదే చోట నిలబడి చూస్తే కనిపించకపోవచ్చు. నాలుగైదు అంతస్తుల భవనాలు, వాటి మీద బోర్డులు అడ్డం వస్తాయి. అప్పుడు కొందరు కోట బాగా కనిపించే చోటికి జరిగి క్లిక్ కొడతారు. అది పొరపాటు. కోట మరుగున పడటమే ఆ వీధి చెప్పే వార్త.

కొండ కదలదనుకోవడానికీ లేదు. ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు రాతిగుట్టలను పలకలుగా కోసి పంపించాయి. ఇల్లందు ప్రాంతంలో బొగ్గుందని 1871లో విలియం కింగ్ కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి ఓపెన్‌కాస్టుల పక్కన గనిలోంచి తీసిన మట్టి, కొత్త కొండల్లా పేరుకుంది. పాత బొమ్మలో లేని కొండ కొత్త బొమ్మలో ఉంటే ఈ ప్రాంతంలో ఆశ్చర్యపడాల్సిన పనిలేదు.

నీటి విషయంలో ఈ జంట బొమ్మలు కొలబద్దలే. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు. 1986 నాటి వరద ఫొటోలో నీరు ఏ ఇంటి ఏ మెట్టును తాకిందో కనిపిస్తే, ఆ మెట్టు ఇప్పటికీ నిలిచి ఉంటే, ఇంజినీరు అవసరం లేకుండానే అక్కడి వరద లోతు తేలుతుంది. ఆ వరద తర్వాత కట్టిన కరకట్ట చూపును కూడా మార్చేసింది. ఏటవాలుగా నేరుగా నీళ్లలోకి దిగే ఒడ్డుకూ ఊరికీ మధ్య ఇప్పుడు గట్టు నిలిచింది. ఖమ్మంలో 2024 సెప్టెంబరు 1న మున్నేరు కాలనీల మీద పడినప్పుడు తీసిన ఫోను బొమ్మలు ఇంకో ముప్పై ఏళ్లకు ఇలాగే పనికొస్తాయి.

గోదావరి ఒడ్డు అడవులకు దొరికిన పెద్ద బొమ్మల పెన్నిధి పోస్టుకార్డు కంపెనీలది కాదు, ఒక మానవశాస్త్రవేత్తది. ఆస్ట్రియాకు చెందిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1939లో మన దేశంలో ఉండగా యుద్ధం వచ్చింది. శత్రుదేశపు పౌరుడని ఆయనను హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లనివ్వలేదు. ఆ కట్టడి తెలుగు నేలకు కలిసొచ్చింది. నిజాం ప్రభుత్వ సహకారంతో ఆయన చెంచుల తర్వాత 1941లో పాపికొండల కొండరెడ్ల దగ్గరికి వెళ్లాడు. కొయిదా, పేరంటాలపల్లి వంటి ఊళ్లు, పోడు చేలు, వెదురు ఇళ్లు ఆయన రాతలోకి, కెమెరాలోకి ఎక్కాయి. 1945లో పుస్తకం వచ్చింది. ఆయన ఫొటోల సంపద లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో ఉంది.

ఆయన అంతటితో ఆగలేదు. 1970ల చివర మళ్లీ ఆదివాసీ పల్లెలకు వచ్చి, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో పోల్చి 1982లో మరో పుస్తకం వెలువరించాడు. సారపాకలో కాగితపు మిల్లు మొదలైన రోజులవి. వెదురు ఇంటి గోడగా ఉన్న కాలాన్నీ, లారీ సరుకుగా మారిన కాలాన్నీ ఒకే మనిషి చూశాడు.

ఆ పేరంటాలపల్లి, కొయిదాల చిరునామా ఎన్నిసార్లు మారిందో చూడండి. ఆయన వెళ్లిననాడు నిజాం రాజ్యంలోని పాల్వంచ సంస్థానం. 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన ఏడు మండలాల్లో ఒకటైన వేలేరుపాడు, పశ్చిమ గోదావరి జిల్లా. 2022లో ఏలూరు జిల్లా. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడు ఆ ఊరు కదిలే వంతు వచ్చింది. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ముంపు పల్లెల నుంచి కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలిపోతున్నాయి. హైమెన్‌డార్ఫ్ కెమెరా నిలిచిన ఒడ్డు మునిగితే, అక్కడ నిలబడి రెండో బొమ్మ తీసే వీలు ఉండదు.

అందుకే ఈ పని వాయిదా వేయదగినది కాదు. వేలేరుపాడు, కూనవరం, వరరామచంద్రపురం వైపు బంధువులున్నవారు, అక్కడి బడుల్లో పాఠాలు చెప్పేవారు, పాత స్టూడియోల్లో నెగెటివ్‌లు దాచినవారు ముందు ఇంట్లో ఉన్న ఫొటోను వెతకండి. అది తీసిన చోటుకు వెళ్లి, అదే నెలలో మరొకటి తీయండి. అచ్చు వేయించి, వెనుక పెన్సిలుతో నాలుగు మాటలు రాయండి: ఊరు, తేదీ, ఏ దిక్కుకు చూస్తూ తీశారు, ఎదురుగా కనిపించే కొండను అక్కడివాళ్లు ఏ పేరుతో పిలుస్తారు.