మనోవ్యాధికి మందు

మన నవలల్లో నాయిక దిగులుపడితే చాలు, మంచం పట్టి తీరుతుంది. అతనొచ్చి చెయ్యి పట్టుకోగానే జ్వరం దిగిపోతుంది! డాక్టరు ఫీజు ఎవరిస్తారో మాత్రం రాయరు.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో 2023 నవంబరు 19 రాత్రి పదుల కొద్దీ బోట్లు తగలబడ్డాయి. బోటు పోయి అప్పు మిగిలిన ఇంట్లో ఇల్లాలు మంచమెక్కితే చేపలెవరమ్ముతారండీ? దిగులుతోనే కత్తిపీట ముందు కూర్చుంటుంది. వేలు తెగితే ఆ గాయం ఓ పట్టాన మానకపోవచ్చు. ఇది నా కల్పన కాదు. మతిమరుపు జబ్బు మనుషులకు ఏళ్ళ తరబడి సేవ చేస్తున్న 13 మంది స్త్రీల చేతిమీద చిన్న గాయం చేసి చూశారు అమెరికాలో. మిగతావాళ్ళకంటే సుమారు 9 రోజులు ఆలస్యంగా మానిందని 1995లో ప్రకటించారు.

ఆ తొమ్మిది రోజుల మీద మన నవలల్లో ఒక్క పేజీ నాకింతవరకూ కనబడలేదు.