పేరే చిరునామా: పీహెచ్‌పీలో క్లాస్ ఫైళ్ల స్వయంచాలక లోడింగ్ - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రోగ్రాముకు అవసరమైన క్లాసు ఏ ఫైలులో ఉందో వెతికి, ఆ క్షణంలోనే దానిని లోడు చేసే ఏర్పాటును ఆటోలోడింగ్ అంటారు. పీహెచ్‌పీ భాషలో ఈ ఏర్పాటు 2004 నుంచి నేటివరకు ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ మార్పుతో ప్రోగ్రామరుకు దక్కిన సౌకర్యమేమిటో, దానికి చెల్లించిన మూల్యమేమిటో అంచనా వేస్తుంది. క్లాసులకు తెలుగు పేర్లు పెట్టినప్పుడు తలెత్తే సమస్యలనూ చర్చిస్తుంది.

కీలక పదాలు: పీహెచ్‌పీ, ఆటోలోడింగ్, నేమ్‌స్పేస్, పీఎస్ఆర్-4, కంపోజర్, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

సంప్రదాయ పద్ధతిలో నడిచే పీహెచ్‌పీ ప్రోగ్రాము ప్రతి అభ్యర్థనకూ కొత్తగా మొదలై, జవాబు పంపగానే ముగిసిపోతుంది. కాబట్టి ఒక పుటను చూపడానికి పది క్లాసులు చాలినచోట రెండువందల ఫైళ్లను లోడు చేస్తే, ఆ వృథా శ్రమ ప్రతి అభ్యర్థనకూ పునరావృతమవుతుంది. ఆటోలోడింగ్ ఆవశ్యకతకు మూలం ఇక్కడే ఉంది. అయితే దీనిని కేవలం వేగానికి సంబంధించిన ఉపాయంగా బోధించడం అసంపూర్ణమవుతుంది. క్లాసు పేరుకూ, ఫైలు ఉన్న స్థలానికీ మధ్య ఇది ఒక కొత్త సంబంధాన్ని కల్పించింది. ఆ సంబంధపు బలాబలాలే ఈ విమర్శకు విషయం.

2. జాబితా నుంచి నియమానికి

తొలిదశలో ప్రతి ఫైలు మొదట్లోనూ రిక్వైర్, ఇంక్లూడ్ ఆదేశాల వరుస ఉండేది. పేర్ గ్రంథాలయం పాటించిన పద్ధతిలో హెచ్‌టీఎంఎల్_క్విక్‌ఫామ్ అనే క్లాసు హెచ్‌టీఎంఎల్ ఫోల్డరులోని క్విక్‌ఫామ్ ఫైలులో ఉండేది. పేరులోనే చిరునామా ఉండాలన్న ఆలోచనకు ఇది బీజం. 2004లో వచ్చిన పీహెచ్‌పీ 5, ఆటోలోడ్ అనే ప్రత్యేక ఫంక్షనును ప్రవేశపెట్టింది. తెలియని క్లాసు ఎదురైనప్పుడు భాషే దానిని పిలిచేది. కానీ ఒక ప్రోగ్రాములో అటువంటి ఫంక్షను ఒక్కటే ఉండగలదు. వేర్వేరు వ్యక్తులు రాసిన రెండు గ్రంథాలయాలను కలిపి వాడితే ఘర్షణ తప్పదు. 2005లో పీహెచ్‌పీ 5.1తో వచ్చిన ఎస్‌పీఎల్ ఆటోలోడ్ రిజిస్టర్ ఈ చిక్కును తొలగించింది. ఎన్ని లోడర్లనైనా వరుసలో నమోదు చేయవచ్చు. ఒకటి విఫలమైతే తరువాతిది ప్రయత్నిస్తుంది. పాత ఫంక్షనును 7.2లో వాడవద్దని ప్రకటించి, 2020 నాటి 8.0లో పూర్తిగా తొలగించారు.

3. పీఎస్ఆర్-0 నుంచి పీఎస్ఆర్-4 వరకు

2009లో పీహెచ్‌పీ 5.3 నేమ్‌స్పేసులను తెచ్చింది. అదే ఏడాది వివిధ ఫ్రేమ్‌వర్కుల నిర్మాతలు కలిసి ఏర్పరచిన బృందం పీఎస్ఆర్-0 ప్రమాణాన్ని రూపొందించింది. పాత కింది గీతల పద్ధతినీ, కొత్త నేమ్‌స్పేసులనూ అది ఒకే తాటిపైకి తెచ్చింది. కానీ పేరులోని ప్రతి భాగానికీ ఒక ఫోల్డరు ఉండాలన్న నిబంధన వల్ల, అవే పేర్లు మళ్లీ మళ్లీ వచ్చే లోతైన ఫోల్డర్లు పుట్టాయి. 2013 చివర ఆమోదం పొందిన పీఎస్ఆర్-4 ఈ లోపాన్ని సరిదిద్దింది. పేరులోని తొలి భాగాన్ని ఏదో ఒక ఫోల్డరుకు ముడిపెట్టి, మిగిలిన భాగాన్ని మాత్రమే దారిగా మార్చడం దీని సారాంశం. ఉదాహరణకు "గ్రంథాలయం\" అనే తొలి భాగాన్ని "మూలం" ఫోల్డరుకు కేటాయిస్తే, "గ్రంథాలయం\సభ్యులు\పాఠకుడు" అనే క్లాసు "మూలం/సభ్యులు/పాఠకుడు" అనే ఫైలులో ఉండాలి. 2012లో వెలువడిన కంపోజర్ ఈ ప్రమాణాలకు విస్తృత ప్రచారం కల్పించింది.

4. మౌనపు మూల్యం

పీఎస్ఆర్-4లోని ఒక నిబంధన విశేష పరిశీలనకు అర్హమైనది. క్లాసు దొరకనప్పుడు లోడరు ఎటువంటి దోషాన్నీ ప్రకటించరాదు. వరుసలోని తరువాతి లోడరుకు అవకాశమివ్వాలి కనుక ఇది సహేతుకమే. కానీ ఫలితంగా అన్ని లోడర్లూ విఫలమయ్యాక ప్రోగ్రామరుకు మిగిలేది "క్లాసు దొరకలేదు" అన్న ఒక్క వాక్యమే. ఎక్కడెక్కడ వెతికారో అది చెప్పదు. ఫైలు లేకపోయినా, ఫైలులోని నేమ్‌స్పేస్ పంక్తి తప్పినా, పేరులో అక్షరం మారినా అదే వాక్యం.

ఆంగ్ల అక్షరాల పెద్ద చిన్న తేడాల విషయంలో ఇది మరింత జటిలమవుతుంది. పీహెచ్‌పీ క్లాసు పేర్లలో ఆ తేడాను పట్టించుకోదు. లినక్సు ఫైలు వ్యవస్థ పట్టించుకుంటుంది. విండోస్ సాధారణంగా పట్టించుకోదు. విద్యార్థి విండోస్‌పై చక్కగా నడిపిన ప్రాజెక్టు లినక్సు సర్వరుపై ఆగిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. అంతకన్నా చిక్కైనది మరొకటుంది. సరైన పేరుతో ఆ క్లాసు అప్పటికే లోడై ఉంటే, తప్పు అక్షరాలతో పిలిచినా సర్వరుపై పనిచేస్తుంది. అంటే దోషం బయటపడటం పిలుపుల క్రమంపై ఆధారపడుతుంది.

జావాలో పబ్లిక్ క్లాసు పేరుకూ ఫైలు పేరుకూ పొత్తు కుదరకపోతే కంపైలరే తిరస్కరిస్తుంది. పీహెచ్‌పీలో ఆ నియమం భాషలో లేదు. అది బయటి ఒప్పందం మాత్రమే. అందువల్ల ఉల్లంఘన నడిచే సమయంలోనే తెలుస్తుంది. లోడరు పట్టికను ముందే నిర్మించేటప్పుడు పీఎస్ఆర్-4కు లోబడని క్లాసులను కంపోజర్ 2 హెచ్చరికతో పక్కన పెట్టడం ఈ దిశలో మెచ్చదగిన అడుగు.

5. తెలుగు పేర్ల ప్రశ్న

పై ఉదాహరణలోని తెలుగు పేర్లు ఊహ కోసం పెట్టినవి కావు. పీహెచ్‌పీ తెలుగు అక్షరాల పేర్లను అంగీకరిస్తుంది. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదం లేదు కనుక పైన చెప్పిన చిక్కు ఇక్కడ రాదు. కానీ వేరొకటి వస్తుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి "మైదానం" ఒక్కటే. పీహెచ్‌పీకి అవి రెండు వేర్వేరు పేర్లు. మ్యాక్ కంప్యూటర్ల పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ వ్యవస్థ ఫైలు పేర్లను విడదీసిన రూపంలోనే నిల్వచేసేది. ఆ ఫైలును లినక్సుకు చేర్చితే కోడులోని పేరుతో సరిపోకపోవచ్చు. పొల్లు తరువాత కొందరు వాడే కనిపించని విభజన సంకేతం పదాంతంలో మిగిలిపోయినా ఇదే ఫలితం. పేరే చిరునామా అయినప్పుడు వర్ణక్రమ శుద్ధి ప్రోగ్రాము శుద్ధిగా మారుతుంది.

6. భద్రత, పరిమితులు

క్లాసు పేరు ఫైలు దారిగా మారుతున్నప్పుడు, ఆ పేరు బయటివారి చేతిలో ఉండటం ప్రమాదకరం. 2011లో పీహెచ్‌పీ 5.3.7లో ఈజ్-ఎ ఫంక్షను ప్రవర్తన మారి, అక్షరమాలను ఇచ్చినా ఆటోలోడరును పిలవసాగింది. పేరును పరీక్షించకుండా ఇంక్లూడ్ చేసే లోడర్లున్నచోట ఇది పరాయి కోడు ప్రవేశానికి దారితీయగల లోపమైంది, 5.3.9లో సవరించారు. ఇక ఫంక్షన్లకు భాష ఆటోలోడింగ్ కల్పించలేదు. కంపోజర్ వాటి ఫైళ్లను ప్రతి అభ్యర్థనలోనూ లోడు చేస్తుంది. దీనిని తప్పించుకోవడానికి ఫంక్షన్లను స్టాటిక్ పద్ధతులుగా క్లాసులలో చేర్చడం వాడుకలో ఉంది. సౌకర్యం రచనాశైలిని శాసించడానికి ఇది నిదర్శనం.

7. ముగింపు

- ఆటోలోడింగ్ జాబితాలను తొలగించినా బాధ్యతను తొలగించలేదు. దానిని పేర్లలోకి మార్చింది.
- పీఎస్ఆర్-4 సరళత ప్రశంసనీయమే అయినా, దాని మౌనం దోషనిర్ణయాన్ని కష్టతరం చేసింది.
- తెలుగు పేర్లను వాడదలచినవారు యూనికోడ్ రూపాలను ముందుగా ఏకీకరించుకోవాలి.
- కంపోజర్ ఆదేశంతో పాఠం మొదలుపెట్టే బదులు, కొద్ది పంక్తుల లోడరును విద్యార్థి చేత స్వయంగా రాయించడం మేలు. ఎక్కడ వెతుకుతున్నదో తెలిసినవారికే "దొరకలేదు" అన్న మాటలోని అర్థం తెలుస్తుంది.