చెంచులక్ష్మి మన కథ, మరి చెంచు స్త్రీ?

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలంలో ఏటా సంక్రాంతికి పారువేట మొదలవుతుంది. తన కల్యాణానికి రమ్మని పిలుస్తూ నరసింహస్వామి దాదాపు నలభై రోజులు పల్లకీలో ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. దేవుడితో ఇంత దగ్గరి వరస కలిపిన ఆడపిల్ల, మన సాహిత్య పరిశోధనల్లోకి వచ్చేసరికి ఏమవుతోంది?

1943లో రెండు వచ్చాయి. ఒకటి ‘చెంచులక్ష్మి’ సినిమా. రెండోది, కృష్ణకు అవతల నైజాం రాజ్యంలోని చెంచుల మీద మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాసిన ఇంగ్లీషు పుస్తకం. దాని పేరులోనే వాళ్లు ‘దక్కను అడవి జనం’. సినిమాకి ఆమె అందం కావాలి, శాస్త్రానికి ఆమె వివరం కావాలి. 1958లో అంజలీదేవి మళ్లీ చెంచులక్ష్మి అయింది. తన గురించి చెంచు స్త్రీ ఏమనుకుంటుందో ఈ ముగ్గురిలో ఎవరికీ అవసరం పడలేదు.

మనకీ పడుతున్నట్టు లేదు. గూడేనికి వెళ్తాం, పాట రికార్డు చేసుకుంటాం, ఏ వేరు ఏ జబ్బుకో రాసుకుంటాం. పాడిన మనిషి అనుబంధంలో ఒక పేరు, వయసు, ఊరు. డిగ్రీ మనది. భాష అడ్డమందామా, చెంచులు మాట్లాడేది తెలుగే! చదువు రాని చోట చదివి వినిపించొచ్చు. రాసింది తీసుకెళ్లి “ఇది సరేనా?” అని అడగడానికి మనకున్న అడ్డం ఏమిటి?

2006 అటవీ హక్కుల చట్టం భార్యాభర్తలిద్దరి పేరా పట్టా ఇవ్వమంది. జీవవైవిధ్యం, సంస్కృతులకు సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమష్టి హక్కునూ గుర్తించింది. అంటే ఆ వేరు గురించిన తెలివి, దొరికినవాళ్లు ఏరుకుపోయే అడవికాయ కాదు. 2017లో దక్షిణాఫ్రికాలోని సాన్ ప్రజలు ఇంకో అడుగు ముందుకేసి, తమ దగ్గరికొచ్చే పరిశోధకులకు తామే నియమావళి రాశారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, పద్ధతి ప్రకారం అనుమతి. అదీ వాళ్లడిగింది.

మగవాళ్లు మన గురించి రాసినప్పుడు “మమ్మల్ని అడిగారా?” అని నిలదీసినవాళ్లం మనం. నల్లమల నుంచి అదే ప్రశ్న వస్తే ‘మేమూ స్త్రీలమే’ అన్న జవాబు చాలదు. కులం, చదువు, ఉద్యోగం మనల్ని ఆమెకి ఎదురుగా కూర్చోబెట్టాయి. అడగడమంటే “వద్దు” అనే హక్కు ఆమెకుందని ఒప్పుకోవడం. ఆమె వద్దన్న పాట లేకపోయినంత మాత్రాన ఏ థీసిసూ పేదదైపోదు.