ఎస్‌డీఎల్‌కు కరెంటు అందకపోతే

సింగరేణి భూగర్భ గనుల్లో ఒకప్పుడు తట్ట, చెమ్మస్ (పార)తో సాగిన బొగ్గు ఎత్తే పనిని సైడ్ డిశ్చార్జ్ లోడర్ అందుకుంది. గోదావరిఖని బాయిల్లో దీన్ని ఎస్‌డీఎల్ అంటారు. పేల్చిన బొగ్గును బకెట్‌తో ఎత్తి పక్కకు ఒంచి పోయడం దీని పని. వెనక ఈడ్చుకొచ్చే ట్రెయిలింగ్ కేబుల్ ద్వారా అందే 550 వోల్టుల కరెంటుతో మోటారు తిరుగుతుంది. మోటారు హైడ్రాలిక్ పంపును తిప్పుతుంది. పంపు ఒత్తిడితో పంపే నూనె బకెట్‌నూ క్రాలర్ చైన్లనూ కదిలిస్తుంది. ఈ వరుసలో ఏ అంచె దెబ్బతిన్నా ఫేస్‌లో, అంటే బొగ్గు తీసే చోట, బొగ్గు కదలదు.

యంత్రం ఆగితే ముందు చూడాల్సింది యంత్రాన్ని కాదు, గాలిని. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడి విద్యుత్ సరఫరా వెంటనే ఆపాలన్నది నిబంధన. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వతో పేలుతుంది. కరెంటును గ్యాస్ కారణంగానే ఆపి ఉంటే అది లోపం కాదు. గాలి బాగుపడేదాకా స్విచ్ ముట్టకూడదు.

గ్యాస్ లేదని తేలాక ఆపరేటర్‌ను అడగాలి: యంత్రం అసలు స్టార్ట్ కాలేదా, స్టార్టయి ట్రిప్ అయిందా, మూలిగి ఆగిందా, తిరుగుతూనే బలం తగ్గిందా? వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో ఈ జవాబే చెబుతుంది.

అసలు స్టార్ట్ కాకపోతే సరఫరా వైపు నుంచి రావాలి. ట్రాన్స్‌ఫార్మర్, గేట్ ఎండ్ బాక్స్ (ఫేస్ దగ్గరి స్విచ్ పెట్టె)లోని ఐసోలేటర్, ప్లగ్, కేబుల్, చివరికి యంత్రం మీది స్విచ్. కేబుల్‌లో మూడు పవర్ కోర్లతో పాటు ఎర్త్ కోరు, పైలట్ కోరు ఉంటాయి. పైలట్ వలయంలో తిరిగేది 30 వోల్టులకు మించని చిన్న వోల్టేజీ. ఎర్త్ కోరు గుండా ఆ వలయం పూర్తయితేనే గేట్ ఎండ్ బాక్స్‌లోని కాంటాక్టర్ మూసుకుంటుంది. ప్లగ్ వదులైనా, ఎర్త్ తెగినా వలయం తెగి కాంటాక్టర్ విడిపోతుంది. స్టార్టయిన వెంటనే ట్రిప్ అయితే ఓవర్‌లోడ్ రిలే పడిందా, ఎర్త్ లీకేజీ రిలే పడిందా చూడాలి. రెండోదైతే అనుమానం ముందుగా కేబుల్ మీదికే పోవాలి. పైకప్పు నుంచి రాలే రాళ్లూ, యంత్రం చైన్లూ దాన్నే ఎక్కువగా నలుపుతాయి.

మోటారు తిరగకుండా మూలిగితే మూడు ఫేజుల్లో ఒకటి పోయి ఉండవచ్చు. తిరుగుతుండగా ఫేజు పోతే మిగిలిన రెండూ భారమంతా మోస్తాయి. వైండింగ్ వేడెక్కి కాలుతుంది. కాబట్టి మళ్లీ మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కడం మోటారును చేతులారా కాల్చుకోవడమే.

తిరుగుతూనే బలం తగ్గడాన్ని పట్టుకోవడం కష్టం. ఇండక్షన్ మోటారు టార్క్ వోల్టేజీ వర్గానికి అనులోమంగా ఉంటుంది. 550 వోల్టులు 495కు, అంటే పది శాతం, పడితే టార్క్ 19 శాతం తగ్గుతుంది. ఫేస్ ముందుకు జరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ వెనకబడిపోతుంది, కేబుల్ పొడవు పెరుగుతుంది, చివర వోల్టేజీ పడిపోతుంది. యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు ఈ లోటు కనిపించదు. బకెట్ నిండినప్పటి రీడింగే అసలు సంగతి చెబుతుంది. దానికి మందు ట్రాన్స్‌ఫార్మర్‌ను ఫేస్ దగ్గరికి తేవడం. వోల్టేజీ సరిగ్గా ఉండి బకెట్ మాత్రం లేవకపోతే చూడాల్సింది నూనె మట్టం, ఫిల్టర్, రిలీఫ్ వాల్వ్. కేబుల్ విప్పి బిగించాక ఈ కష్టం మొదలైతే ఫేజుల క్రమం మారి మోటారు వెనక్కు తిరుగుతూ ఉండవచ్చు. అప్పుడు పంపు ఒత్తిడి కట్టదు.

మూత విప్పే ముందు సరఫరా ఆపి, ఐసోలేటర్‌కు తాళం వేసి, పర్మిట్ తీసుకోవాలి. ఆ తర్వాతే మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష. మూత తిరిగి బిగించేటప్పుడు ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెకు ఒక్క బోల్టు తక్కువైనా లోపలి పేలుడు మంట బయటికి రావచ్చు. దెబ్బతిన్న కేబుల్‌కు టేపు చుట్టి నడపకూడదు; దాన్ని పైకి పంపి వల్కనైజ్ చేయించాలి.

షిఫ్టులో బొగ్గు లక్ష్యం తరుముతున్నప్పుడు పైలట్ వలయాన్ని తీగతో కలిపేసి నడపాలన్న తొందర పుడుతుంది. ఎర్త్ లేకుండా నడిచే యంత్రం తాకిన మనిషిని చంపగలదు, గ్యాస్‌ను అంటించగలదు. లోపం ఏమిటి, ఏం మార్చారు, మెగ్గర్ ఎంత చూపింది అన్నవి రిజిస్టర్‌లో రాస్తేనే తర్వాతి షిఫ్టు ఎలక్ట్రీషియన్ పని సులువవుతుంది. గనిలో మంచి ఎలక్ట్రీషియన్ అంటే యంత్రాన్ని తొందరగా నడిపించేవాడు కాదు; ఎందుకు ఆగిందో తేలేదాకా నడవనివ్వనివాడు.