చార్జీ అడుగుతాం, రేటు అడగం

"చార్జీ ఎంత పడుతుంది సార్?"

విదేశీ మారకం విభాగంలో పనిచేసినన్నాళ్లూ నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే. రిటైరయ్యాక కూడా, పిల్లల్ని అమెరికా పంపుతున్నవాళ్లు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చినప్పుడు ముందుగా ఇదే అడుగుతారు. అడగాల్సిందే. కానీ పెద్ద మొత్తం కట్టేటప్పుడు డబ్బు పోయే చోటు అది కాదు.

కౌంటర్ దగ్గర జరిగేది చూడండి. సర్వీసు చార్జీ వెయ్యి రూపాయలంటారు. తండ్రి బతిమాలుతాడు. ఆఫీసరు ఐదు వందలకు ఒప్పుకుంటాడు. అదే స్లిప్పు మీద కిందన డాలరు ధర 91 రూపాయల 50 పైసలని ఉంటుంది. ఆ సమయానికి బ్యాంకులు తమలో తాము కొనుక్కుంటున్న ధర 90 రూపాయలు అనుకుందాం. సెమిస్టర్ ఫీజు 12,000 డాలర్లయితే ఆ రూపాయిన్నర తేడాకే 18,000 రూపాయలు వెళ్లిపోయాయి. బతిమాలి మిగుల్చుకున్నది 500. నాలుగు సెమిస్టర్లకు 72,000. చదువు రుణం తీసుకున్నవాళ్లకు ఈ తేడా కూడా అప్పులోనే కలుస్తుంది, దాని మీద ఏళ్ల తరబడి వడ్డీ నడుస్తుంది. మిరప పంట మీద, తాకట్టు పెట్టిన పొలం మీద వచ్చిన డబ్బు ఇది. అందుకే ఈ లెక్క వాళ్లకు తెలిసి తీరాలంటాను.

ఆ తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే అడగడం తేలిక. డాలరు ధర రోజంతా కదులుతూనే ఉంటుంది. ప్రతి శాఖా దాన్ని నిమిషనిమిషం గమనించలేదు. అందుకని పొద్దున్నే ప్రధాన కార్యాలయం ఒక రేట్ల పట్టిక పంపుతుంది. దాన్నే కార్డు రేటు అంటాం. అందులో మనకు వర్తించేది టీటీ సెల్లింగ్ రేటు. మధ్యాహ్నానికి ధర పెరిగినా బ్యాంకు నష్టపోకుండా అందులో ముందే కాస్త మార్జిన్ కలుపుతారు. రెండు మూడు వందల డాలర్లు పంపేవాళ్లకు అది పెద్ద తేడా కాదు. పది లక్షలు పంపేవాళ్లు ఆ పట్టికకు కట్టుబడి ఉండక్కర్లేదు. "కార్డు రేటు వద్దండీ, ట్రెజరీకి ఫోన్ చేసి నా మొత్తానికి ఇప్పటి రేటు తెప్పించండి" అని అడగొచ్చు. శాఖ నుంచి డీలింగ్ రూముకు ఫోన్ వెళ్తుంది, రేటు వస్తుంది, ఒప్పుకుంటే అక్కడికక్కడే ఖాయం చేస్తారు. రూపాయిన్నర తేడా నలభై, యాభై పైసలకు దిగడం నేను ఎన్నోసార్లు చూశాను. అడగనివాళ్లకు మాత్రం ఎవరూ తగ్గించరు.

రెండు చోట్ల రేటు పోల్చాలనుకుంటే ఒకే గంటలో పోల్చండి. నిన్న ఒక బ్యాంకు చెప్పిందీ ఇవాళ ఇంకో బ్యాంకు చెప్పిందీ పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. అడగాల్సిన మాట కూడా ఒక్కటే: "అవతల యూనివర్సిటీకి 12,000 డాలర్లు పూర్తిగా చేరడానికి నా ఖాతాలోంచి మొత్తం ఎన్ని రూపాయలు తగ్గుతాయి?" చార్జీ, రేటు, జీఎస్టీ, మధ్య బ్యాంకుల కోత అన్నీ ఆ ఒక్క అంకెలోకి రావాలి. "జీరో చార్జీ" అని చెప్పే కంపెనీలకూ ఇదే ప్రశ్న. వాళ్ల సంపాదన కూడా రేటులోనే ఉంటుంది. ఒక్కోసారి బ్యాంకు కంటే నిజంగానే తక్కువ పడుతుంది, ఒక్కోసారి పడదు. అంకె చూస్తే తెలిసిపోతుంది.

జీఎస్టీ గురించి భయపెట్టేవాళ్లున్నారు. పంపే మొత్తం మీద 18 శాతం కాదది. మారకం సేవకు చట్టం కట్టిన చిన్న విలువ మీద వేస్తారు. మన 12,000 డాలర్ల లెక్కకు వెయ్యి రూపాయల పైచిలుకు, అంతే.

క్రెడిట్ కార్డు సంగతికొస్తే, పాయింట్లు వస్తాయని పిల్లలు ఆశపడతారు. చాలా కార్డుల మీద విదేశీ మారకపు మార్కప్ 3.5 శాతం, దాని మీద మళ్లీ జీఎస్టీ. మన 12,000 డాలర్లకు, 90 చొప్పున పది లక్షల ఎనభై వేలకు, అది 44,604 రూపాయలు. అమెరికా యూనివర్సిటీలు చాలావరకు కార్డు చెల్లింపులకు తమ రుసుము వేరే వేస్తాయి. ఏ పాయింట్లూ దీన్ని పూడ్చలేవు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఈ మధ్య వినిపిస్తున్న బేరం ఒక ఎత్తు. "అక్కడ మావాడు డాలర్లలో కట్టేస్తాడు, ఇక్కడ మీరు మాకు రూపాయలిచ్చేయండి. బ్యాంకు రేటు కంటే రూపాయి తక్కువే." ముక్కూ మొహం తెలియనివాళ్లు వాట్సాప్‌లో చెబుతారు. ఆ దారికి పోవద్దని చేతులెత్తి మొక్కుతున్నాను. అధీకృత బ్యాంకును తప్పించి ఇలా సర్దుకోవడం విదేశీ మారకపు చట్టం ఫెమాను ఉల్లంఘించడమే, ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. అంతకంటే ఘోరం, ఆ ఫీజు ఎవరిదో దొంగిలించిన కార్డుతో కట్టి ఉంటే కొన్ని వారాలకు అసలు యజమాని ఫిర్యాదు చేస్తాడు, యూనివర్సిటీ ఆ సొమ్ము వెనక్కిచ్చేస్తుంది. రూపాయలు పోయి, ఫీజు బాకీ పడి, పిల్లవాడు అక్కడ ఒంటరిగా సంజాయిషీ చెప్పుకోవాలి.

బ్యాంకు ద్వారా పంపేటప్పుడు ఏ2 ఫారంలో రెండు గళ్లు జాగ్రత్తగా నింపండి. ఒకటి, విదేశీ బ్యాంకు చార్జీలు ఎవరు భరిస్తారన్నది. అక్కడ 'అవర్' (OUR), అంటే మనమే భరిస్తామని, రాయించకపోతే దారిలోని బ్యాంకు పదిహేనో ఇరవయ్యో డాలర్లు కోసుకుని మిగతాదే పంపుతుంది. ఆ ఇరవై డాలర్ల బాకీకే రిజిస్ట్రేషన్ ఆగిపోయిన పిల్లలున్నారు. రెండోది పర్పస్ కోడ్. ఫీజుకూ హాస్టలుకూ అయితే ఎస్0305. దాని బదులు కుటుంబ పోషణ అని పడితే, డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను టీసీఎస్ ఎక్కువ శాతం పట్టుకుంటారు.

ఈ టీసీఎస్ ఏడాదికి పది లక్షలు దాటిన మొత్తం మీదే. బ్యాంకు చదువు రుణంతో కడితే 2025 ఏప్రిల్ నుంచి అసలు లేదు. పట్టుకున్నది కూడా పోయిన డబ్బు కాదు, ఎవరి పాన్ మీద పంపారో వాళ్ల ఆదాయపు పన్ను ఖాతాలో జమవుతుంది. కానీ వ్యవసాయ ఆదాయం తప్ప మరొకటి లేని తండ్రి రిటర్న్ వేసే అలవాటు లేక దాన్ని అలాగే వదిలేస్తున్నాడు. ఇంట్లో ఉద్యోగం చేసి రిటర్న్ వేసేవాళ్లుంటే వాళ్ల ఖాతా నుంచే పంపండి. లేకపోతే ఆ ఏడాదికి ఆడిటర్ దగ్గరికి వెళ్లి తండ్రి పేరున రిటర్న్ వేయించండి. ఆయన పన్ను ఖాతాలో టీసీఎస్ అంకె కనపడుతుంది, రీఫండు ఆయన బ్యాంకు ఖాతాకే వస్తుంది.