చెనక్కాయ రకాల వెనుక చేతులు

అనంతపురం ఎర్రనేలల్లో ఏటా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు ముఖం చాటేస్తుందో చెప్పలేం. అక్కడ చెనక్కాయ పండించే రైతును మెచ్చుకుంటాం. ఆయనకు కొత్త రకాలు అందించిన కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానం సిబ్బందినీ మెచ్చుకోవాలి.

కొత్త రకం పుట్టించడానికి అక్కడి క్షేత్ర సహాయకులు సాయంత్రం చెనక్కాయ మొగ్గ విప్పి, సన్నని పట్టుకారుతో కేసరాలు తీసేస్తారు. పొద్దున్నే పువ్వు విచ్చుకునేసరికి తన పుప్పొడి తనకే అంటుకుంటుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు. మర్నాడు ఉదయం వేరే రకం పుప్పొడి అద్ది, దారంతో గుర్తు కడతారు. ఊడ నేలలోకి దిగి కాయ కట్టాక, ఆ గింజల సంతతిని ఏళ్ల తరబడి విత్తి, ఏరి, మళ్లీ విత్తుతారు. విజ్ఞానమంటే నాకు ముందుగా గుర్తొచ్చేది నడుము వంచి చేసే ఈ పనే.

తమిళనాడులోని తిండివనం నుంచి 1940లో వచ్చిన టీఎంవీ-2 రకం అనంతపురం చేలను దశాబ్దాలు ఏలింది. 2005లో కదిరి-6 వచ్చింది. ఆ తర్వాత కదిరి-9, కదిరి లేపాక్షి. కదిరి స్థానాన్ని నడిపే ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం చేసే పరిశోధనల్లో కరువుసీమకు దక్కిన వాటా ఈ కదిరి రకాలే.

కొత్త రకం విడుదలైనప్పుడు శాస్త్రవేత్తల పేర్ల పక్కన, మొగ్గలు విప్పిన క్షేత్ర సహాయకుల పేర్లూ అచ్చువేయండి.