జేమ్స్‌టౌన్ డాక్టరు

జాన్ అలెగ్జాండర్ కాక్‌బర్న్ 1850లో స్కాట్లాండ్‌లోని బెర్విక్‌షైర్‌లో పుట్టారు. లండన్ కింగ్స్ కాలేజీలో వైద్యం చదివి, 1874లో బంగారు పతకంతో ఎం.డి. అందుకున్నారు. అలాంటి పట్టా ఉన్నవారికి లండన్‌లోనే ప్రాక్టీసు దొరికేది. ఆయన మరుసటి ఏడే ఓడెక్కి దక్షిణ ఆస్ట్రేలియా చేరారు. అడిలైడ్‌కు ఉత్తరాన సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని జేమ్స్‌టౌన్‌లో వైద్యం మొదలుపెట్టారు.

నాజూరీ ఆదివాసుల నేల మీద వెలసిన ఆ ఊరికి అప్పటికి పట్టుమని పదేళ్లు లేవు. చుట్టూ కొత్తగా సాగులోకి వచ్చిన గోధుమ భూములు. వానలను ఎంత ఉత్తరం దాకా నమ్మవచ్చో సర్వేయరు జార్జ్ గోయ్‌డర్ 1865లోనే గీత గీసి చూపించారు. 1870లలో నాలుగు మంచి వానలు పడేసరికి రైతులు ఆ గీత దాటారు; 1880లలో కరువు వాళ్లను వెనక్కి తరిమింది. అలాంటి సీమలో డాక్టరుకు రోగంతోపాటు అప్పు, ఎండిన చేను, ఆ ఇంటి ఇల్లాలి చాకిరీ కూడా కనపడతాయి. పులివెందులలో ఆసుపత్రి నడిపి 1978లో శాసనసభకు వెళ్లిన వై.ఎస్. రాజశేఖరరెడ్డిని చూసిన తెలుగువారికి వైద్యం నుంచి రాజకీయాల్లోకి వెళ్లే దారి కొత్త కాదు.

కాక్‌బర్న్ 1878లో జేమ్స్‌టౌన్ తొలి మేయరయ్యారు. 1884లో బర్రా నుంచి శాసనసభకు ఎన్నికై, మరుసటి ఏడే విద్యామంత్రి అయ్యారు. 1887లో మౌంట్ బార్కర్ నియోజకవర్గానికి మారారు. ఆ ఏడే శాసనసభ్యులకు జీతం ఇచ్చే చట్టం వచ్చింది. జీతం లేని సభకు ఆస్తిపరులే వెళ్లగలరు కనుక ఆ చట్టం చిన్నది కాదు. 1889 జూన్ నుంచి 1890 ఆగస్టు వరకు ఆయనే దక్షిణ ఆస్ట్రేలియా ప్రీమియర్, అంటే ప్రభుత్వాధినేత.

అయితే ఆయన పేరు నిలవాల్సింది ఆ పదవి వల్ల కాదు. 1893లో ప్రీమియర్ కింగ్‌స్టన్ మంత్రివర్గంలో విద్య, వ్యవసాయ శాఖలు చేపట్టారు. 1894 డిసెంబరులో ఆ ప్రభుత్వమే స్త్రీలకు ఓటుతోపాటు పోటీ చేసే హక్కునూ ఇచ్చింది. అంతకు ముందు ఏడాది న్యూజిలాండ్ ఓటు ఇచ్చింది కానీ పోటీకి అనుమతించలేదు. దక్షిణ ఆస్ట్రేలియా చట్టం ఆదివాసీ స్త్రీలను వేరు చేయలేదు. ఆస్ట్రేలియా కాలనీలన్నీ కలిసి సమాఖ్యగా ఏర్పడ్డాక 1902లో వచ్చిన ఓటు చట్టం మాత్రం ఆదివాసులలో, ఆసియావాసులలో చాలామందిని బయటే ఉంచింది. ఇది క్షమించరాని వెనకడుగు.

1890 నుంచి 1898 దాకా జరిగిన సమాఖ్య సమావేశాలలో కాక్‌బర్న్ రాష్ట్రాల పక్షాన నిలిచి, పాలన ప్రజలకు దగ్గరలో ఉండాలని వాదించారు. పల్లె వైద్యుడి అనుభవమే ఆ మాట పలికించిందనుకోవచ్చు. 1898లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రతినిధిగా, అంటే ఏజెంట్ జనరల్‌గా, లండన్ వెళ్లి, 1901లో పదవి ముగిశాక అక్కడే ఉండిపోయి, 1929లో కన్నుమూశారు.